తప్పదనే మాటే తప్పు

సొంత సైన్యం పేల్చిన గుండుకు ఒక ట్యాంకు సిబ్బంది బలైనప్పుడు గానీ, శత్రువు జాడే లేని శిక్షణ మైదానంలో ట్యాంకు ఫిరంగి ఉండే పైభాగమైన టరెట్ లోపల మందుగుండు అంటుకొని సైనికులు కాలిపోయినప్పుడు గానీ, అధికారిక ప్రకటనల్లోనూ పత్రికల వ్యాఖ్యల్లోనూ దాదాపు ఒకే సమాధానం వినిపిస్తుంది. యుద్ధమంటేనే గందరగోళమనీ, పొగలో, దుమ్ములో, చీకట్లో, ప్రాణభయంలో మనిషి పొరబడటం సహజమనీ, నిజమైన మందుగుండుతో సాధన చేసే సైన్యానికి ఇలాంటి నష్టాలు తప్పవనీ ఆ సమాధానం చెబుతుంది. దానికి మరో రెండు మాటలు తోడవుతాయి. తప్పంటూ ఉంటే అది ఆ క్షణంలో ట్రిగ్గర్ నొక్కినవాడిదేనన్నది ఒకటి. దాన్ని బహిరంగంగా తవ్వితే సైన్యం మనోధైర్యం దెబ్బతింటుందన్నది రెండోది. మృతులకు గౌరవ వందనం జరుగుతుంది, శవపేటికల మీద జాతీయ పతాకం పరుచుకుంటుంది, అక్కడితో ప్రశ్న ముగిసిపోతుంది. వినమ్రంగా, వాస్తవికంగా కనిపించే ఈ వైఖరి నిజానికి ఆధారాలకు విరుద్ధమైనది, తర్వాతి ప్రమాదానికి దారి తెరిచి ఉంచేది కూడా.

ముందుగా అంకెల సంగతి. సొంత కాల్పుల్లో పోయేవారు మొత్తం మృతుల్లో రెండు శాతం లోపే ఉంటారన్న లెక్క అమెరికా సైనిక రచనల్లో ఏళ్ల తరబడి చెలామణి అయింది. అంత చిన్న భాగాన్ని యుద్ధానికి చెల్లించక తప్పని సుంకంగా భావించడం ఎవరికీ కష్టం కాలేదు. 1991 గల్ఫ్ యుద్ధం ఆ లెక్కను తలకిందులు చేసింది. ఆ యుద్ధంలో పోరాడుతూ చనిపోయిన 148 మంది అమెరికన్లలో 35 మంది, అంటే దాదాపు నలుగురిలో ఒకరు, సొంత పక్షం కాల్పులకే చనిపోయారు. గాయపడిన 467 మందిలో 72 మందికి గాయాలైంది కూడా ఆ కాల్పుల్లోనే. అమెరికా కాంగ్రెస్‌కు అప్పట్లో సాంకేతిక విషయాల్లో సలహా ఇచ్చిన కార్యాలయం 1993లో ఈ విషయాన్ని పరిశీలించి, పాత రెండు శాతం లెక్కకు గట్టి పునాది లేదనీ, వెనకటి యుద్ధాల్లో కూడా అసలు నిష్పత్తి అంతకంటే చాలా ఎక్కువే అయి ఉంటుందనీ అభిప్రాయపడింది. ఎవరూ సరిగా లెక్కించలేదు కాబట్టి నష్టం చిన్నదిగా కనిపించింది, చిన్నదిగా కనిపించింది కాబట్టి దాన్ని భరించక తప్పదనిపించింది.

ట్యాంకు దళాలను మాత్రమే విడదీసి చూస్తే పరిస్థితి ఇంకా తీవ్రంగా కనిపిస్తుంది. ఆ యుద్ధంలో అమెరికా సైన్యం పూర్తిగా పోగొట్టుకున్న అబ్రామ్స్ ట్యాంకులు తొమ్మిది. వాటిలో ఏడింటిని సొంత కాల్పులే నాశనం చేశాయి, మిగిలిన రెండింటిని శత్రువు చేతికి చిక్కకుండా అమెరికన్లే ధ్వంసం చేసుకున్నారు. పదాతి సైనికులను మోసుకెళ్లే బ్రాడ్లీ కవచ వాహనాల్లో 20 నాశనమైతే, వాటిలో 17 సొంత గుండ్లకే పోయాయి. ఇరాక్ దగ్గర వేల సంఖ్యలో ట్యాంకులు ఉన్న యుద్ధంలో ఒక అమెరికన్ ట్యాంకు సిబ్బందికి ఎదురైన అతి పెద్ద ముప్పు పక్క దళంలోని మరో అమెరికన్ ట్యాంకు కావడాన్ని గందరగోళం అనే ఒక్క మాట వివరించలేదు, ఎందుకంటే ఆ గందరగోళం ఇరాకీ సిబ్బందిని చుట్టుముట్టినంతగా అమెరికన్లను చుట్టుముట్టలేదు.

దీనికి వివరణ యంత్రంలోనే ఉంది. ట్యాంకులోని గన్నర్, అంటే ఫిరంగిని గురిపెట్టి పేల్చే సైనికుడు, రాత్రిపూట బయటి ప్రపంచాన్ని థర్మల్ సైట్ ద్వారా చూస్తాడు. వస్తువుల వేడిలోని తేడాలను బొమ్మగా మార్చి చూపే ఈ పరికరం చీకటినీ పొగనూ దాటుకొని కిలోమీటర్ల దూరంలోని ఇంజిన్‌ను కూడా పసిగడుతుంది. అయితే అక్కడ ఏదో వాహనం ఉందని పసిగట్టడం వేరు, అది ఎవరి వాహనమో గుర్తుపట్టడం వేరు. మొదటిది సాధ్యమయ్యే దూరం రెండోది సాధ్యమయ్యే దూరం కంటే చాలా ఎక్కువ, ఫిరంగి ఖచ్చితంగా కొట్టగలిగే దూరమూ అంతే. అంటే గన్నర్ తాను పోల్చుకోలేని దానిని తొలి గుండుకే కొట్టగలడు. ఈ అంతరం యుద్ధభూమిలో పుట్టింది కాదు. ఫిరంగికీ, సైట్‌కూ, గుర్తింపు పరికరాలకూ డబ్బు విడివిడిగా కేటాయించిన కార్యాలయాల్లో, మొదటి రెండింటికీ దక్కిన ప్రాధాన్యం మూడోదానికి దక్కనప్పుడు పుట్టింది.

1991 ఫిబ్రవరి 26 రాత్రి నుంచి 27 తెల్లవారుజాము దాకా అమెరికా మొదటి పదాతి డివిజన్ ఇరాకీ స్థావరాల గుండా చొచ్చుకుపోయినప్పుడు ఈ అంతరం ఎంత ప్రాణాంతకమో తేలిపోయింది. ఇరాకీ సైనికులు భుజం మీద నుంచి పేల్చిన రాకెట్లు అమెరికన్ వాహనాలను తాకినప్పుడు వెలువడిన మెరుపు, దూరం నుంచి థర్మల్ సైట్‌లో చూస్తున్న వెనుక ట్యాంకుల గన్నర్లకు ఇరాకీ ట్యాంకు ఫిరంగి పేలినట్టు కనిపించింది. దెబ్బ తింటున్న వాహనం దెబ్బ కొడుతున్నదానిలా కనిపించడంతో వాళ్లు శిక్షణలో నేర్చుకున్నట్టే క్షణాల్లో గురిపెట్టి పేల్చారు. ఆరుగురు అమెరికన్ సైనికులు తమవారి చేతిలో చనిపోయారు. ఆ గన్నర్లు నిర్లక్ష్యం చేసినవారు కారు, తమకు నేర్పిన పనిని నేర్పినట్టుగా చేసినవారు. సమస్యంతా ఆ నేర్పడంలోనే ఉంది. గన్నర్ల పరీక్షల్లో ఎంత వేగంగా ఎన్ని లక్ష్యాలను కొట్టాడన్నది మార్కులు తెచ్చే విషయమైతే, లేచి నిలబడే ప్రతి లక్ష్యమూ శత్రువే అయితే, పేల్చకుండా ఆగడం అనే నైపుణ్యం అతనికి అలవడే చోటేది? కాలిఫోర్నియాలోని ఫోర్ట్ ఇర్విన్ శిక్షణ కేంద్రంలో లేజర్ పరికరాలతో సాగే నమూనా యుద్ధాల్లో ట్యాంకులు సొంత ట్యాంకులను కొట్టడం 1980లలోనే నమోదైంది, దాని మీద అధ్యయనం కూడా వెలువడింది. గల్ఫ్‌లో జరిగింది ఎవరూ ఊహించని విషయం కాదు.

గుర్తింపు చిహ్నాల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1944 ఆగస్టు 14న నార్మండీలో మిత్రరాజ్యాల నేలదళాలు తమ ఉనికిని తెలియజేయడానికి పసుపు పొగ వదిలాయి. అదే రోజు బ్రిటిష్ బాంబర్ దళం శత్రు లక్ష్యాలను సూచించడానికి పసుపు రంగు గుర్తులనే వాడింది. రక్షణ కోసం వదిలిన పొగే బాంబులను పిలిచింది. దాదాపు ఆరు దశాబ్దాల తర్వాత, 2003 మార్చి 28న బస్రా ఉత్తరాన రెండు అమెరికన్ ఏ-10 యుద్ధ విమానాల పైలట్లు బ్రిటిష్ కవచ వాహనాల మీద పరిచిన నారింజ రంగు గుర్తింపు పలకలను రాకెట్లుగా భావించి దాడి చేశారు. ఒక బ్రిటిష్ సైనికుడు చనిపోయాడు. 1991లోనూ ఇవే రకం విమానాలు రెండు బ్రిటిష్ వారియర్ కవచ వాహనాలను కొట్టి తొమ్మిది మందిని చంపాయి. గుర్తు పెట్టినవాడికి ఒక అర్థం, చూసేవాడికి మరో అర్థం ఉన్నంత కాలం ఏ పలకా ప్రాణం కాపాడదు, ఆ రెండు అర్థాలను ముందే ఒకటిగా కలపడం యుద్ధం చేసే పని కాదు, యుద్ధానికి ముందు సిద్ధం చేసేవారి పని.

అనివార్యవాదానికి అన్నిటికంటే బలమైన ఖండన 2003 మార్చి 25న బస్రా పొలిమేరల్లో జరిగిన ఘటనలో కనిపిస్తుంది. ఆ రాత్రి ఒక బ్రిటిష్ చాలెంజర్ 2 ట్యాంకు సిబ్బంది థర్మల్ సైట్‌లో వేడి చుక్కలను చూసి, శత్రువులు కందకంలో కదులుతున్నారనుకొని, పై అధికారులకు తెలిపి, అనుమతి పొంది పేల్చారు. అక్కడున్నది పక్క దళానికి చెందిన మరో చాలెంజర్ 2. కవచానికి అతుక్కొని పేలే రకం గుండ్లు రెండింటిని పేల్చగా, మొదటిది గురి తప్పింది, రెండోది తెరిచి ఉన్న మూత దగ్గర పేలి లోపలి మందుగుండును అంటించింది. ఇద్దరు మరణించారు, మరో ఇద్దరు గాయపడ్డారు. ఇక్కడ గుడ్డి తొందరపాటు లేదు. సమాచారం పైకి వెళ్లింది, అనుమతి కిందికి వచ్చింది, ఆ వరుసలో ఏ ఒక్కరికీ పక్క దళం ట్యాంకు ఎక్కడుందో ఖచ్చితంగా తెలియలేదు. ఈ ఘటనకు ఏడాది ముందు, 2002 మార్చిలోనే, బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం స్వపక్ష దళాలను గుర్తించే ఏర్పాట్లపై నివేదిక ప్రచురించి, 1991 తర్వాత జరగవలసిన పనిలో ఉన్న లోటును ఎత్తిచూపింది. పదకొండేళ్ల వ్యవధి, రాతపూర్వకమైన హెచ్చరిక, ఆ తర్వాత రెండు చావులు అనే ఈ క్రమాన్ని విధి అనడం కుదరదు.

మృతుల కుటుంబాలూ గాయపడినవారూ న్యాయస్థానానికి వెళ్లినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం ఎత్తుకున్న వాదన సరిగ్గా ఈ వ్యాసం ఖండిస్తున్నదే. పోరాటం సాగుతుండగా జరిగిన చర్యలకు నష్టపరిహార దావాల్లో ప్రభుత్వంపై బాధ్యత మోపరాదన్న సూత్రాన్ని అది ఆశ్రయించింది. 2013 జూన్ 19న బ్రిటన్ సుప్రీంకోర్టు నలుగురు-ముగ్గురు తేడాతో ఆ సూత్రం పరిధిని ఇరుకుగా నిర్వచించింది. గుండ్లు పేలుతున్న వేళ తీసుకునే నిర్ణయాలకు ఆ రక్షణ ఉంటుందనీ, యుద్ధానికి చాలా ముందు పరికరాల కొనుగోలులోనూ శిక్షణలోనూ తీసుకున్న నిర్ణయాలకు అది తనంతట తానే వర్తించదనీ, కాబట్టి చాలెంజర్ కేసు విచారణకు అర్హమేననీ మెజారిటీ న్యాయమూర్తులు చెప్పారు. నిర్లక్ష్యం జరిగిందని వారు తీర్పు చెప్పలేదు, ఆ ప్రశ్న అడగవచ్చని మాత్రమే అన్నారు. యుద్ధ నిర్వహణ న్యాయస్థానాల చేతికి పోతుందన్న మైనారిటీ న్యాయమూర్తుల ఆందోళన తేలిగ్గా తీసిపారేయవలసింది కాదు గానీ, అది కాల్పుల క్షణానికి వర్తించే ఆందోళన, ఏళ్ల తరబడి కదలని దస్త్రానికి వర్తించేది కాదు. కాల్పుల క్షణానికీ దానికి ముందు గడిచిన ఏళ్లకూ మధ్య ఆ కోర్టు గీసిన గీత చట్టానికే కాదు, ఈ మరణాల గురించి ఆలోచించే ఎవరికైనా అవసరమైన గీత.

తప్పు ట్రిగ్గర్ నొక్కినవాడిదేనన్న రెండో మాటను పరీక్షించడానికి వేల్స్‌లోని కాసిల్‌మార్టిన్ కాల్పుల మైదానంలో 2017 జూన్ 14న జరిగిన ప్రమాదం కంటే తగిన సందర్భం దొరకదు. చాలెంజర్ 2 ఫిరంగిలో గుండు వేరుగా, దాన్ని తోసే మందు సంచి వేరుగా నింపుతారు. చాలా ట్యాంకుల్లో మందు తొడుగు పూర్తిగా గానీ అడుగున మాత్రమే గానీ లోహంతో ఉండి, పేలినప్పుడు ఆ లోహమే వ్యాకోచించి ఫిరంగి వెనుక భాగాన్ని మూసేస్తుంది. సంచి మందు వాడే ఫిరంగిలో ఆ పని వేరే భాగాలు చేయాలి. అలాంటి ఒక చిన్న భాగాన్ని శుభ్రం చేయడానికి తీసి, తిరిగి బిగించకుండానే ఆ రోజు గుండు పేల్చారు. భయంకరమైన ఒత్తిడితో వేడి వాయువులు టరెట్‌లోకి ఎగజిమ్మి, రక్షణ పెట్టెల్లో కాకుండా బయట ఉంచిన మందు సంచులను అంటించాయి. ఇద్దరు మరణించారు, ఇద్దరు తీవ్రంగా గాయపడ్డారు.

దీన్ని ఎవరో మతిమరుపుతో చేసిన పొరపాటుగా కొట్టిపారేయడం సులువే. మరణ విచారణ అలా ఆగిపోలేదు. ఆ భాగం లేకపోయినా ఫిరంగి పేలేలా ఎందుకు ఉందన్న ప్రశ్న వేసింది. రూపకల్పన దశలోనే ఈ ముప్పును గుర్తించి ఉంటే ఆ భాగం లేనప్పుడు పేలని విధంగా ఫిరంగిని తయారు చేసి ఉండేవారనీ, అప్పుడు ఈ పేలుడు జరిగేదే కాదనీ తేల్చింది. మరచిపోవడం మనిషి లక్షణమని ప్రతి ఇంజినీరుకూ తెలుసు. ఇంటి గ్యాస్ పొయ్యి మంట ఆరినప్పుడు గ్యాస్ తనంతట ఆగేలా తయారు చేయగలిగిన కాలంలో, టరెట్‌లో కూర్చున్నవారి ప్రాణాలను ఒక మనిషి జ్ఞాపకశక్తి మీద వదిలిపెట్టడం ఒక నిర్ణయం. మందు సంచులు పెట్టెల బయట ఉండటం కూడా ఒక్కరి తప్పు కాదు. నియమం కాగితం మీద ఉండి, అలవాటు వేరుగా సాగుతుంటే, ఆ తేడాను పైనున్నవారు చూసీ చూడనట్టు ఊరుకున్నారని దాని అర్థం.

నీటి ప్రమాదాల సంగతీ ఇంతే. 1944 ఏప్రిల్ 4న ఇంగ్లండ్‌లోని స్టడ్‌ల్యాండ్ అఖాతంలో, కాన్వాసు తెరల సాయంతో తేలే వాలెంటైన్ ట్యాంకులతో సాధన జరుగుతుండగా వాతావరణం మారి ఏడు ట్యాంకులు మునిగిపోయాయి, ఆరుగురు చనిపోయారు. అలలు పెరిగితే ఆ తెర నిలబడదన్నది అప్పుడే రుజువైంది. రెండు నెలల తర్వాత, జూన్ 6న ఒమాహా తీరం ముందు, అమెరికా 741వ ట్యాంకు బెటాలియన్ అలాంటి తెరలతోనే 29 షెర్మన్ ట్యాంకులను అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలోకి దించగా 27 మునిగిపోయాయి. అదే ఉదయం, అదే సముద్రంలో, పక్కనున్న 743వ బెటాలియన్ అధికారులు అలల ఎత్తు చూసి ట్యాంకులను నీటిలోకి దించకుండా పడవల్లోనే ఒడ్డుదాకా తీసుకెళ్లారు. రెండు దళాలకూ శత్రువూ, వాతావరణమూ, యంత్రమూ ఒకటే, తేడా నిర్ణయంలోనే ఉంది.

2024 జూన్ 28 రాత్రి తూర్పు లడఖ్‌లో సాసెర్ బ్రాంగ్సా దగ్గర, శిక్షణ ముగించుకొని వెనక్కి వస్తున్న టీ-72 ట్యాంకు షియోక్ నదిలో చిక్కుకొని అయిదుగురు భారత సైనికులు మరణించారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. నదిలో నీటిమట్టం అకస్మాత్తుగా పెరిగిందని సైన్యం ప్రకటించింది. అది నిజమే అయి ఉంటుంది. అయితే హిమనదాల నుంచి పుట్టే నదులు వేసవిలో పగటి ఎండకు కరిగిన మంచుతో పొద్దుపోయాక ఉప్పొంగుతాయన్నది హిమాలయాల్లో పనిచేసే ఎవరికైనా తెలిసిన విషయం. అందువల్ల అకస్మాత్తు అన్న మాట దగ్గర ఆలోచన ఆగకూడదు, అక్కడే మొదలవ్వాలి: ఎగువన నీటిమట్టాన్ని గమనించి కింది దళానికి తెలిపే ఏర్పాటు ఏమిటి, రాత్రివేళ నది దాటే నిర్ణయం ఎవరి స్థాయిలో జరగాలి, చిక్కుకున్న ట్యాంకును లాగే వాహనం ఎంత దూరంలో ఉండాలి? ఈ ప్రశ్నలు ఎవరినీ దోషిగా నిలబెట్టడానికి కాదు, రేపు అదే నదిని దాటే సిబ్బంది కోసం. ప్రకాశం, బాపట్ల, కృష్ణా వంటి జిల్లాల పల్లెల్లో ఈ కన్నీరు ఆరకముందే, ఆ ఏడాది డిసెంబరులో రాజస్థాన్‌లోని మహాజన్ కాల్పుల మైదానంలో ట్యాంకు మందుగుండు నింపుతుండగా పేలి ఇద్దరు మరణించారు. అంతకు రెండేళ్ల ముందు, 2022 అక్టోబరులో, ఝాన్సీ దగ్గరి బబీనాలో టీ-90 ట్యాంకు ఫిరంగి గొట్టం పగిలి ఇద్దరు చనిపోయారు. వేర్వేరు కారణాలున్న ఈ మూడింటినీ ఒకే గాటన కట్టరాదు. వేర్వేరు కారణాలు ఉన్నాయి కాబట్టే ప్రతిదానికీ వేరే సమాధానం కావాలి, విధి అనే ఒకే సమాధానం చాలదు.

అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2021లో ప్రచురించిన నివేదిక ప్రకారం, 2010 నుంచి 2019 వరకు పది ఆర్థిక సంవత్సరాల్లో ఆ దేశపు ఆర్మీ, మెరైన్ దళాల వాహనాలకు పోరాటేతర సందర్భాల్లో 3,753 ప్రమాదాలు జరిగి 123 మంది చనిపోయారు. తరచుగా కనిపించిన కారణాలు డ్రైవర్ల అజాగ్రత్త, పర్యవేక్షణ లోపం, శిక్షణ కొరత. మూడింటిలో ఏదీ యుద్ధపు పొగ కాదు. ఇలాంటి లెక్క బహిరంగంగా ఉన్నచోట పార్లమెంటు సభ్యుడు ప్రశ్న వేయగలడు, ఇంజినీరు పరిష్కారం వెతకగలడు. లెక్క లేనిచోట ప్రతి మరణమూ ఒంటరి దుర్ఘటనగానే మిగిలిపోతుంది.

ఎదుటి పక్షం వాదనల్లో నిజంగా బరువైనది ఒకటుంది. ట్యాంకుల పోరులో ముందుగా పేల్చినవాడే బతుకుతాడు; గన్నర్ మనసులో అనుమానం నాటితే శత్రువు గుండుకు అతని సిబ్బంది అంతా బలి కావచ్చు. ఇది వట్టి భయం కాదు, అనుభవం నేర్పిన మాట. సొంత కాల్పులను పూర్తిగా సున్నాకు తేవడం సాధ్యం కాదన్నదీ ఒప్పుకోవలసిందే. అయితే ఇక్కడ కోరుతున్నది గన్నర్ మరికొన్ని క్షణాలు తటపటాయించాలని కాదు. పక్క దళం ఎక్కడుందో ఆ క్షణానికి ముందే అతని తెర మీద కనిపించాలని, దళాల మధ్య సరిహద్దు రేఖ ఇద్దరి పటాల్లోనూ ఒకేలా ఉండాలని, సిమ్యులేటర్‌లో స్వపక్ష వాహనాల థర్మల్ బొమ్మలు శత్రువుల బొమ్మలతో కలిసి కనిపించాలని మాత్రమే. ఇవి అతని వేగాన్ని తగ్గించవు. పోల్చుకోవడం ఎంత బాగా నేర్పితే గన్నర్ అంత నిస్సంకోచంగా పేల్చగలడు, కాబట్టి గుర్తింపునూ దూకుడునూ పరస్పర విరోధులుగా చూపే వాదన ట్యాంకు సిబ్బంది పనినే తప్పుగా అర్థం చేసుకుంటోంది.

మనోధైర్యం గురించిన వాదనకు భారతదేశమే జవాబు చెప్పింది. 2019 ఫిబ్రవరి 27న శ్రీనగర్ దగ్గర బడ్‌గామ్‌లో భారత వైమానిక దళ హెలికాప్టర్‌ను సొంత క్షిపణి కూల్చివేయగా ఆరుగురు వాయుసైనికులూ ఒక పౌరుడూ మరణించారు. అదే ఏడాది అక్టోబరులో వైమానిక దళాధిపతి స్వయంగా పత్రికల ముందుకు వచ్చి అది తమ క్షిపణేననీ, పెద్ద పొరపాటనీ అంగీకరించారు. బాధ్యులపై చర్యలు మొదలయ్యాయి. ఆ అంగీకారం వల్ల వైమానిక దళం బలహీనపడిన దాఖలా లేదు. యుద్ధం నడుస్తుండగానే, 2023 డిసెంబరులో ఇజ్రాయెల్ సైన్యం గాజా నేలదాడిలో అప్పటికి చనిపోయిన తన 105 మందిలో 20 మంది సొంత కాల్పుల వల్లా ప్రమాదాల వల్లా పోయారని ప్రకటించింది. 2024 మే నెలలో గాజాలోని జబాలియాలో సొంత ట్యాంకు గుండ్లకు అయిదుగురు పారాట్రూపర్లు చనిపోయినప్పుడు ప్రాథమిక విచారణ సారాంశాన్ని వెంటనే బయటపెట్టింది. సైనికుడి ధైర్యాన్ని తినేసేది నిజం కాదు. పక్క ట్యాంకులో ఏం జరిగిందో బ్యారక్‌లో ప్రతి ఒక్కరికీ తెలిసి, అధికారిక కాగితం మాత్రం మరోలా మాట్లాడినప్పుడే ఆ ధైర్యం సడలుతుంది.

భారత సైన్యంలో ప్రతి ప్రాణాంతక ప్రమాదం మీదా కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే వాస్తవాలు సేకరించే అంతర్గత విచారణ, జరుగుతుంది. అక్కడ సైనికుడు ఇచ్చిన వాంగ్మూలాలను అతనిపైనే సాక్ష్యంగా వాడటానికి 1954 ఆర్మీ నియమాలు సాధారణంగా ఒప్పుకోవు. మనసు విప్పి చెప్పేవాడికి చట్టం ఇప్పటికే రక్షణ ఇచ్చిందన్నమాట. అయినా ఆ విచారణ ఫలితాలు బయటి పాఠకుడి కంటపడటం అరుదు. దళాల మోహరింపునూ, ఆయుధాల రహస్యాలనూ, మనుషుల పేర్లనూ తొలగించి, ఏ భాగం విఫలమైంది, ఏ నియమం పాటించలేదు, ఏది మార్చారు అన్న మూడు విషయాలను చెప్పే కొద్ది పేజీల సారాంశం ప్రచురిస్తే శత్రువుకు దక్కే లాభమేమీ ఉండదు. కాసిల్‌మార్టిన్ ప్రమాదంపై బ్రిటిష్ రక్షణ శాఖ తన విచారణ నివేదికను సాంకేతిక వివరాలతో సహా ప్రచురించింది, ఆ తర్వాత కూడా ఆ ట్యాంకు సేవలోనే ఉంది. అలాంటి సారాంశం షియోక్ మృతుల కుటుంబాలకూ, బబీనాలో మళ్లీ ఫిరంగి ఎక్కే గన్నర్‌కూ చేరవలసిన కాగితం. దాన్ని వారికి అందించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, రక్షణ మంత్రిత్వ శాఖ ఉత్తర్వు ఒక్కటి చాలు.